ఏడు మార్కులు

జొన్నాడ గౌతమీ గోదావరి ఒడ్డున ఉన్న ఊరు. వంతెన దాటితే రావులపాలెం. ఆ ఊళ్లో ఒక ఇల్లు అనుకోండి. ఏప్రిల్ నెల. పదో తరగతి ఫలితాలు వచ్చాయి. పిల్ల మూల కూర్చుని ఏడుస్తోంది.

"ఫెయిలైపోయింది" అన్నాడు తండ్రి.

"ఇంకేం చదువు వదినా! సంబంధం చూసి పెళ్లి చేసెయ్యండి" అంది పక్కింటావిడ.

తల్లి ఏమీ అనలేదు. ఆమె సాక్షరతా కేంద్రంలో చదవడం, రాయడం నేర్చుకుంది. నోటు పుస్తకం తీసింది. "మార్కులు ఒక్కొక్కటే చెప్పవే" అంది. పిల్ల చెప్పింది. తల్లి రాసుకుంది.

తెలుగు - 71
హిందీ - 58
ఇంగ్లీషు - 49
లెక్కలు - 28
సైన్సు - 55
సోషల్ - 63

అన్నీ కూడితే 324. మొత్తం 600కి ఇన్ని వచ్చాయి. ఐదు సబ్జెక్టులు పాసైంది. లెక్కలు ఒక్కటే పోయాయి. లెక్కల్లో 35 రావాలి, 28 వచ్చాయి.

"ఏడు మార్కులు తగ్గితే పెళ్లి చేసేస్తారా అండీ?" అంది తల్లి. తండ్రి మాట్లాడలేదు.

ఫెయిలైతే ఏం చెయ్యాలి?

ఒక సబ్జెక్టు పోతే చదువంతా పోయినట్టు కాదు. పాసైన సబ్జెక్టులు మళ్లీ రాయక్కర్లేదు. పోయిన సబ్జెక్టు ఒక్కటే రాస్తే చాలు. దీన్ని సప్లిమెంటరీ పరీక్ష అంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో ఏప్రిల్ 23న ఫలితాలు వచ్చాయి. మే 19 నుంచి సప్లిమెంటరీ పరీక్షలు జరిగాయి. అంటే నెల తిరగకుండానే ఇంకో అవకాశం వచ్చింది.

అందుకే ఆలస్యం చెయ్యకూడదు. ఫలితాలు వచ్చిన వెంటనే బడికి వెళ్లాలి. హెడ్మాస్టరు గారిని అడిగి పరీక్ష ఫీజు కట్టాలి. కట్టడానికి గడువు కొద్ది రోజులే ఉంటుంది. లెక్కల మాస్టారిని కలిసి, పిల్లకి ఏ పాఠాలు రాలేదో అడగాలి. ఆ నెల రోజులూ పిల్లకి ఇంటిపని తగ్గించాలి.

పేపరు సరిగ్గా దిద్దలేదని అనుమానం ఉంటే, ఫీజు కట్టి మార్కులు మళ్లీ లెక్కపెట్టించుకోవచ్చు. జవాబు పత్రాన్ని మళ్లీ చూడమని కూడా అడగవచ్చు.

పదో తరగతి పిల్లకి పదిహేనో, పదహారో ఏళ్లుంటాయి. 18 ఏళ్లు నిండకుండా పెళ్లి చెయ్యడం నేరం. 2006లో వచ్చిన చట్టం ఈ మాటే చెబుతుంది.

శాతం అంటే ఏమిటి?

జొన్నాడకు ఎగువన ధవళేశ్వరం ఉంది. కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1874లో అక్కడ ఆడపిల్లలకు బడి పెట్టారు. ఆడపిల్లకి చదువెందుకని అందరూ అడిగే రోజులవి. ఇప్పుడు ఫలితాలు చూడండి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి ఆడపిల్లలు 89.17 శాతం పాసయ్యారు. మగపిల్లలు 84.32 శాతం. 2025లో ఆడపిల్లలు 84.09, మగపిల్లలు 78.31 శాతం. రెండేళ్లూ ఆడపిల్లలదే పైచెయ్యి.

84 శాతం అంటే నూరుమంది రాస్తే 84 మంది పాసయ్యారని అర్థం. మిగిలిన 16 మంది ఫెయిలయ్యారు. వాళ్లకి సప్లిమెంటరీ ఉంది.

కానీ ఈ లెక్కలోకి రాని పిల్లలు కూడా ఉన్నారు. పరీక్ష రాసిన వాళ్లనే ఇందులో లెక్కపెడతారు. ఆరో తరగతిలో 50 మంది ఆడపిల్లలు చేరారనుకోండి. పదో తరగతికి 40 మందే మిగిలారు. ఆ 40 మందీ పాసైతే బడికి నూటికి నూరు శాతం వచ్చినట్టే. మధ్యలో మానేసిన పదిమంది ఏ కాగితంలోనూ కనపడరు. ఆ పదిమంది ఎవరింటి పిల్లలో వాళ్ల తల్లులకే తెలుసు.

కాబట్టి బడిలో తల్లిదండ్రుల సమావేశం పెడితే వెళ్లండి. "ఎంతమంది పాసయ్యారు?" అని అడగండి. "ఎంతమంది మానేశారు? ఎందుకు మానేశారు?" అని కూడా అడగండి.

ఆలోచించండి

1. ఆ పిల్లకి లెక్కల్లో ఎన్ని మార్కులు తగ్గాయి?
2. సప్లిమెంటరీ ఫీజు కట్టడానికి ఎవరిని కలవాలి?
3. మీ వీధిలో పదో తరగతికి ముందే బడి మానేసిన ఆడపిల్లలు ఎంతమంది? వాళ్లను మళ్లీ బడికి పంపడానికి మీరేం చెయ్యగలరు?