మొటిమల మాత్ర... మాటలు కాదు!

ముఖం మీద మొటిమ వస్తే అద్దం చెబుతుంది. వీపు మీద వస్తే... టైలరు చెబుతుంది!

పెళ్లి ఇంకా నెలన్నర ఉంది. జాకెట్టు కొలతలివ్వడానికి వెళ్లిన పెళ్లికూతురితో టైలరమ్మ మెల్లగా అంది... ‘వెనక మెడ లోతు కాస్త తగ్గిద్దామా అమ్మా?’ అని. ఇంటికొచ్చి రెండద్దాలు ఎదురెదురుగా పెట్టుకుని చూసుకుంటే, భుజాల నుంచి వీపు మధ్య దాకా ఎర్రెర్రగా కురుపులు. సున్నిపిండి రుద్దమంది అమ్మ. గంధం పూయమంది పిన్ని. హాస్టల్లో కలిసి చదువుకున్న స్నేహితురాలు మాత్రం ఓ మందు పేరు చెప్పింది. ‘రోజుకో క్యాప్సూల్ వేసుకో. నెల తిరిగేసరికి వీపు అద్దంలా అయిపోతుంది. నాకు తగ్గింది కదా!’ అని భరోసా ఇచ్చింది. వీధి చివర మందుల షాపులో చీటీ అడక్కుండానే రెండు షీట్లు కట్టిచ్చారు.

ఇది ఊహించి చెప్పిన కథే. అయినా ఇందులో ఏ ముక్కా మనకు కొత్తగా అనిపించదు. అసలు చిక్కు దీని తర్వాతే ఉంది. పెళ్లయిన నెలకో రెండు నెలలకో ఆ అమ్మాయి నెల తప్పితే? ఇంట్లో అందరూ సంబరపడే ఆ కబురు వెనక, ఎవరికీ తెలియకుండా వేసుకుంటున్న ఆ క్యాప్సూల్ ఉంటే?

ఆ మందు పేరు ఐసోట్రెటినాయిన్.

మంచి మందే... కానీ!

ఐసోట్రెటినాయిన్ విటమిన్-ఎ కుటుంబానికి చెందిన మందు. మామూలు పూతలకూ మాత్రలకూ లొంగని మొండి మొటిమలు దీనితో తగ్గుతున్నాయని అమెరికా పరిశోధకులు 1979లో ప్రకటించారు. 1982లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ దీనికి అనుమతి ఇచ్చింది. అంతవరకూ ముఖమంతా, వీపంతా చీముగడ్డలతో బాధపడుతూ నలుగురిలోకి రావడానికే వెనకాడినవాళ్లకు ఇది నిజంగా వరమే అయ్యింది.

మొటిమ రావడానికి నాలుగు కారణాలుంటాయి. చర్మం కింద నూనె గ్రంథులు ఎక్కువగా పనిచేయడం, రోమకూపం మృతకణాలతో మూసుకుపోవడం, లోపల బ్యాక్టీరియా పెరగడం, చుట్టూ వాపు రావడం. మిగతా మందులు వీటిలో ఒకటో రెండో పట్టుకుంటాయి. ఐసోట్రెటినాయిన్ నాలుగింటినీ అదుపు చేస్తుంది. ముఖ్యంగా నూనె గ్రంథులను కుదించేస్తుంది. సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలలు వాడాల్సి ఉంటుంది. చాలామందికి ఒక విడత వాడితే ఏళ్ల తరబడి మళ్లీ మొటిమల బెడద ఉండదు.

కాబట్టి మందు చెడ్డది కాదు. బరువును బట్టి మోతాదు లెక్కగట్టి, పరీక్షలు చేయిస్తూ డాక్టర్ ఇచ్చినప్పుడు అది వైద్యం. స్నేహితురాలు చెప్పిందని వేసుకుంటే అదే ముప్పు.

కడుపులో బిడ్డకు గండం

ఈ మందు వాడుతుండగా గర్భం వస్తే గర్భస్రావం కావచ్చు. బిడ్డ నిలిచినా చెవులు సరిగా ఏర్పడకపోవడం, ముఖంలో లోపాలు, గుండె జబ్బులు, మెదడు ఎదుగుదలలో లోపాలు వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ. గర్భంలో ఈ మందు ప్రభావానికి గురై పుట్టిన పిల్లల్లో నూటికి 20 నుంచి 35 మందికి పెద్ద లోపాలు ఉండొచ్చని అంచనా. పైకి ఏ లోపమూ కనిపించని కొందరు పిల్లలకు కూడా తర్వాత చదువులో, తెలివితేటల్లో ఇబ్బందులు రావచ్చు.

భయపెట్టే విషయం మరొకటి ఉంది. బిడ్డ గుండె, మెదడు, చెవులు రూపు దిద్దుకునేది గర్భం వచ్చిన తొలి వారాల్లోనే. అంటే తాను నెల తప్పానని తల్లికి తెలిసేసరికే జరగాల్సిన నష్టం మొదలై ఉండొచ్చు. ‘తెలియగానే మానేస్తాలే’ అనుకోవడానికి అందుకే వీల్లేదు.

అమెరికాలో 2006 నుంచి ‘ఐప్లెడ్జ్’ అనే కార్యక్రమం కింద ఈ మందు తీసుకునేవారు పేరు నమోదు చేయించుకోవాల్సి వచ్చింది. గర్భం వచ్చే అవకాశమున్న మహిళలకు మందు మొదలుపెట్టే ముందూ, వాడుతున్నన్నాళ్లూ గర్భ పరీక్షలు తప్పనిసరి చేశారు. మన దగ్గరా ఇది డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందే. మందు మొదలుపెట్టడానికి నెల ముందు నుంచీ, వాడుతున్నంత కాలం, ఆపేశాక కనీసం మరో నెల పాటు గర్భం రాకుండా చూసుకోవాలి. మీ డాక్టర్ అంతకన్నా ఎక్కువ గడువు చెబితే అదే పాటించాలి.

పొరపాటున గర్భం వస్తే? మందు వెంటనే ఆపేసి, ఆ రోజే గైనకాలజిస్టును కలవాలి. వేసుకున్న సంగతి దాచిపెట్టడం అన్నిటికన్నా పెద్ద తప్పు.

మగవాళ్లు వాడినందువల్ల పుట్టే బిడ్డకు లోపాలు వస్తాయనడానికి ఆధారాలు లేవు. కానీ వాళ్లు తమ క్యాప్సూళ్లు చెల్లెలికో, స్నేహితురాలికో ఇవ్వకూడదు. ఈ మందు వాడుతున్నప్పుడూ, ఆపేశాక నెల వరకూ ఆడా మగా ఎవరూ రక్తదానం చేయకూడదు. ఆ రక్తం ఒక గర్భిణికి ఎక్కించవచ్చు కదా!

పెదాల నుంచి కాలేయం దాకా

ఈ మందు వేసుకునే దాదాపు ప్రతి ఒక్కరికీ పెదాలు ఎండి పగులుతాయి. కళ్లు పొడిబారతాయి, కాంటాక్ట్ లెన్స్ పెట్టుకుంటే మంట పుడుతుంది. కొందరికి ముక్కు లోపల ఎండి రక్తం కారుతుంది. ఒళ్లు నొప్పులు రావచ్చు. చీకట్లో చూపు మందగించవచ్చు... రాత్రిళ్లు బండి నడిపేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. చర్మం సున్నితమవుతుంది కాబట్టి వ్యాక్సింగ్ చేయించుకుంటే తోలు ఊడి రావచ్చు.

ఇవి పైకి కనిపించేవి. రక్తంలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వులు పెరగడం, కాలేయం మీద భారం పడటం పరీక్ష చేస్తేగానీ తెలియవు. అందుకే మందు మొదలుపెట్టే ముందు, మధ్యలో రక్తపరీక్షలు రాస్తారు. విటమిన్-ఎ బిళ్లలు దీనితో కలిపి వేసుకోకూడదు. మొటిమలకే ఇచ్చే డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్‌ను దీంతో కలిపితే తల లోపల ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉంది. విపరీతమైన తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం దాని లక్షణాలు. పాత చీటీలో మిగిలిన మాత్రలు, కొత్తగా కొన్న క్యాప్సూళ్లు కలిపి మింగేవాళ్లకు ఈ సంగతి ఎవరు చెబుతారు?

మనసు మాటేమిటి? ఈ మందు వల్ల కుంగుబాటు వస్తుందా అన్నదానిపై ఏళ్లుగా చర్చ నడుస్తోంది. ఎక్కువమందిని కలిపి చూసిన అధ్యయనాల్లో అలాంటి పెరుగుదల స్పష్టంగా కనిపించలేదు. మొటిమలే మనిషిని కుంగదీస్తాయి, తగ్గితే ఉత్సాహం వస్తుంది కూడా. అయినా కొందరిలో మార్పులు కనిపించాయి కాబట్టి జాగ్రత్త తప్పదు. 18 ఏళ్లలోపు వారికి ఈ మందు మొదలుపెట్టాలంటే ఇద్దరు నిపుణులు అంగీకరించాలని బ్రిటన్ 2023లో నిబంధన తెచ్చింది. ఇంట్లో పిల్లవాడు ఈ మందు వాడుతూ ఉన్నట్టుండి మూగబోతే, నిద్ర మానేస్తే, ‘వయసు ప్రభావం’ అని సరిపెట్టుకోకండి. డాక్టర్‌కి చెప్పండి.

వీపే ఎందుకు?

నూనె గ్రంథులు ముఖం తర్వాత వీపు పైభాగంలో, ఛాతీ మీద ఎక్కువ. అందుకే మొటిమలూ అక్కడే. మురికి వల్ల వస్తాయన్నది అపోహ. పీచుతో బరబరా రుద్దితే మొటిమ పోదు సరికదా, వాపు పెరిగి మచ్చ మిగులుతుంది. మన చామనఛాయ చర్మంలో ఆ నల్లమచ్చలు నెలల తరబడి ఉండిపోతాయి. ఛాతీ మీద, భుజాల మీద గిల్లితే కొందరిలో కెలాయిడ్లు అనే గట్టి ఉబ్బు మచ్చలు ఏర్పడతాయి.

బ్యాగు పట్టీల రాపిడి, చెమట ఆరని బిగుతు బట్టలు, రాత్రి తలనిండా నూనె పెట్టుకుని పడుకోవడం... ఇవన్నీ ఉన్న మొటిమల్ని ఎక్కువ చేస్తాయి. నెలసరి సరిగా రాకపోవడం, గడ్డం మీద వెంట్రుకలు రావడం కూడా తోడైతే పీసీఓఎస్ ఉందేమో చూపించుకోవాలి.

అసలవి మొటిమలేనా?

వీపు మీద వచ్చినవన్నీ మొటిమలు కావు. అన్నీ ఒకే సైజులో చిన్నచిన్నగా ఉండి, బాగా దురద పెడుతూ, చెమట పట్టే కాలంలో ఎక్కువవుతుంటే అది మలసీజియా అనే ఫంగస్ వల్ల కావచ్చు. దానికి యాంటీబయాటిక్ వాడితే ఇంకా పెరుగుతుంది. ఫంగస్‌కి మందిస్తే తగ్గుతుంది. దండచేతుల మీద గరుకుగా, కోడి చర్మంలా ఉండేది కెరటోసిస్ పైలారిస్. అది మొటిమ జాతే కాదు. ఎండాకాలంలో వచ్చే చెమటకాయలు వేరు.

ఒక్కసారిగా, ఒకే తీరుగా ఛాతీ నిండా కురుపులొస్తే స్టిరాయిడ్లను అనుమానించాలి. తెల్లబడటానికని షాపులో కొనే కొన్ని క్రీముల్లో, కండలు పెరగడానికని జిమ్ముల్లో చేతులు మారే ఇంజెక్షన్లలో ఇవే ఉంటాయి. స్టిరాయిడ్ క్రీముల్ని చీటీ లేకుండా అమ్మకుండా కేంద్రం 2018లో నిబంధనలు బిగించింది. కారణం స్టిరాయిడ్ అయితే దాన్ని డాక్టర్ సలహాతో ఆపడమే అసలు వైద్యం.

మెట్టు మెట్టుగా...

మామూలు మొటిమలకు మొదటి మెట్టు పూతలే. బెంజాయిల్ పెరాక్సైడ్ ఉన్న వాష్‌ని వీపుకి రాసి కొద్ది నిమిషాలుంచి కడిగేయడం, రాత్రిపూట అడాపలీన్ జెల్ లాంటివి డాక్టర్లు సూచిస్తారు. (బెంజాయిల్ పెరాక్సైడ్ తువ్వాళ్ల రంగు పోగొడుతుంది, తెల్లవి వాడండి.) అవసరమైతే కొద్దినెలల పాటు యాంటీబయాటిక్ ఇస్తారు. దేనికైనా ఫలితం కనిపించాలంటే 8 నుంచి 12 వారాలు ఓపిక పట్టాలి. వీటికి లొంగని వాటికి, లోతైన గడ్డలకు, మచ్చలు పడుతున్నవాటికి ఐసోట్రెటినాయిన్.

డాక్టర్‌కి ఇవి తప్పక చెప్పండి

* పెళ్లి ఎప్పుడు, పిల్లల్ని ఎప్పుడు అనుకుంటున్నారు
* ఇప్పటికే వాడుతున్న మాత్రలు, విటమిన్లు, క్రీములు, జిమ్ పౌడర్లు
* కాలేయం, కొలెస్ట్రాల్, కుంగుబాటు సమస్యలు మీకున్నాయా, ఇంట్లో ఎవరికైనా ఉన్నాయా
* మందు మొదలుపెట్టాక మొటిమలు ఉన్నట్టుండి పుళ్లుగా మారి, జ్వరం, కీళ్ల నొప్పులు వస్తే... అదే రోజు ఫోన్ చేయాలి

ఇంతకీ మన పెళ్లికూతురి సంగతి? నెలన్నరలో వీపు అద్దంలా మారడం ఎటూ జరగదు. పైగా ఈ క్యాప్సూల్ మొదలుపెట్టిన తొలి వారాల్లో కొందరికి మొటిమలు ఇంకా ఎక్కువవుతాయి కూడా. అంటే సరిగ్గా ముహూర్తానికి! కొన్న షీట్లు పక్కన పెట్టి, చర్మ వైద్యుల్ని కలిసి పెళ్లి తేదీ చెప్పడమే మంచిది. గర్భానికి ఇబ్బంది లేని పూతలతో ఇప్పటికి నెట్టుకురావచ్చు. గట్టి మందు తప్పదంటే, పిల్లల్ని కొన్నాళ్లు వాయిదా వేసుకోవాలని భార్యాభర్తలిద్దరూ కలిసి అనుకున్నాకే మొదలుపెట్టొచ్చు.

ఆ టైలరమ్మ మాట వింటే పోయేదేముంది? జాకెట్టు మెడ రెండంగుళాలు పైకి కుట్టించుకుంటే పెళ్లి ఆగిపోదు.