లాగే శక్తి – మోసే శక్తి

సంచారం మానవునికి సహజమైన ప్రవృత్తి. అమెరికాలో ఈ ప్రవృత్తి ఒక విశిష్టరూపం ధరించింది. అక్కడ అనేక కుటుంబాలు సెలవులలో చక్రాలపై నిలిచిన చిన్న ఇంటిని తమ పికప్ ట్రక్కుకు తగిలించుకొని జాతీయ ఉద్యానవనాలకు తరలిపోతాయి. పడకలు, వంటగది, స్నానాల గది గల ఈ ఇంటినే ‘ట్రావెల్ ట్రైలరు’ అంటారు. దీనికి స్వంత ఇంజను ఉండదు. కనుక ట్రక్కు సామర్థ్యానికి తగిన ట్రైలరును ఎంచుకోవడం ప్రయాణికుల ప్రాణరక్షణకు సంబంధించిన విషయం.

ట్రక్కు ఎంత బరువును లాగగలదో తయారీదారులు ప్రకటిస్తారు. చాలామంది ఆ ఒక్క సంఖ్యనే ప్రమాణంగా భావిస్తారు. అమెరికాలో ఈ సంఖ్యను నిర్ణయించడానికి ‘జె-2807’ అనే ప్రమాణాన్ని పాటిస్తారు. అరిజోనా రాష్ట్రంలోని డేవిస్ డ్యామ్ వద్ద దాదాపు 18 కిలోమీటర్ల ఎగుడు దారిని నిర్ణీత వేగం తగ్గకుండా ఎక్కడం ఇందులోని పరీక్షలలో ఒకటి. అయితే ఈ లెక్కలో ట్రక్కులో కూర్చునేవారు ఒక్కొక్కరు 68 కిలోల బరువు గల ఇద్దరు మాత్రమే. కుటుంబమంతా సామానుతో బయలుదేరినప్పుడు ఆ సంఖ్య యథాతథంగా వర్తించదు.

లాగడం వేరు, మోయడం వేరు. ట్రైలరు బరువంతా దాని చక్రాలమీదనే నిలవదు. కొంతభాగం కొక్కెం ద్వారా ట్రక్కుపై పడుతుంది. ఇది ట్రైలరు బరువులో 10 నుండి 15 శాతం వరకు ఉండాలి. తగ్గితే ట్రైలరు వేగంలో అటూ ఇటూ ఊగి ట్రక్కును అదుపు తప్పిస్తుంది. మితిమీరితే ట్రక్కు వెనుకభాగం కుంగి, ముందు చక్రాలకు రోడ్డుపై పట్టు సడలుతుంది. ఎడ్లబండిలో వెనుకబరువైతే కాడి పైకి లేవడం, ముందుబరువైతే ఎద్దుల మెడలు కుంగడం మనకు తెలిసినదే. ఇక్కడి సూత్రమూ అదే.

ట్రక్కులోని మనుషులు, సామాను కలిసి ఎంత బరువు మించరాదో డ్రైవరు తలుపు చట్రంపై అంటించిన చీటీ తెలుపుతుంది. కొక్కెంపై పడే భారాన్ని కూడా ఆ పరిమితిలోనే లెక్కించాలి. ఒక ట్రక్కు 4,000 కిలోలు లాగగలదని, 650 కిలోలు మోయగలదని అనుకుందాం. దానికి 3,200 కిలోల ట్రైలరును తగిలించారు. అందులో 13 శాతం, అనగా 416 కిలోలు, ట్రక్కుపై పడుతుంది. డ్రైవరుతో కలిపి నలుగురి బరువు 280 కిలోలు. మొత్తం 696 కిలోలు. లాగే హద్దుకు ఇంకా 800 కిలోల వెసులుబాటు ఉన్నప్పటికీ, మోసే హద్దు 46 కిలోలు దాటిపోయింది!

ట్రైలరు బరువును ఖాళీగా ఉన్నప్పటి బరువుతో లెక్కించరాదు. తొట్టిలో 150 లీటర్ల నీరు నింపితే 150 కిలోలు పెరుగుతాయి. గ్యాసు, పాత్రలు, దుస్తులు దీనికి అదనం. కనుక ట్రైలరుపై ముద్రించిన గరిష్ఠ బరువును ఆధారంగా తీసుకోవడం క్షేమం. సామానంతా సర్దిన తరువాత కాటాపై తూచి చూసుకోవడం మరింత క్షేమం.

ఎత్తు ఎక్కలేని వాహనం ఆలస్యానికి కారణమవుతుంది. పల్లంలో ఆగలేని వాహనం ప్రాణాలు తీస్తుంది. అధికభారంతో దిగుతున్నప్పుడు బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోతాయి. కాబట్టి వాహనానికి గల అనేక హద్దులలో ఏది ముందుగా ఎదురవుతుందో, అదే దాని నిజమైన హద్దు అని గ్రహించాలి.