గంటలు ఇంటికొచ్చాయి!

మూడు చర్చి గంటలు. పాతవి, కంచువి. వాటికోసం రెండు దేశాల మధ్య ఏళ్ల తరబడి రాయబారాలు నడిచాయి. ఒక దేశాధ్యక్షుడు నిండు సభలో 'మావి మాకిచ్చేయండి' అని అడిగాడు. అవతలి దేశంలో మాజీ సైనికులేమో ఇవ్వడానికి వీల్లేదని భీష్మించారు. ఇంతకీ ఏముంది ఆ గంటల్లో?

తెలియాలంటే ఫిలిప్పీన్స్‌లోని సమార్ దీవికి వెళ్లాలి. అక్కడ సముద్రం ఒడ్డున ఉంటుంది బలాంగిగా అనే చిన్న ఊరు. అయితే కథ మొదలైంది అక్కడ కాదు.

1898లో క్యూబా విషయమై స్పెయిన్‌తో అమెరికా యుద్ధానికి దిగింది. ఫిలిప్పీన్స్ కూడా అప్పటికి స్పెయిన్ వలసే. మే 1న అమెరికా నౌకాదళ అధికారి జార్జి డ్యూయీ మనీలా అఖాతంలోకి చొచ్చుకెళ్లి, మధ్యాహ్నం కాకముందే స్పెయిన్ ఓడల్ని ముంచేశాడు. హాంకాంగ్‌లో ప్రవాసంలో ఉన్న ఫిలిప్పీన్స్ తిరుగుబాటు నాయకుడు ఎమీలియో అగినాల్డోని అమెరికా ఓడే స్వదేశం చేర్చింది. వచ్చినవాళ్లు విముక్తి ప్రదాతలేనని జనం నమ్మారు. జూన్ 12న స్వాతంత్య్రం ప్రకటించుకున్నారు.

ఆ సంబరం ఆర్నెల్లే. డిసెంబరులో ప్యారిస్‌లో సంధి కుదిరింది. రెండు కోట్ల డాలర్లకు ఫిలిప్పీన్స్ దీవులు అమెరికా చేతికొచ్చాయి. ఆ చర్చల కోసం అగినాల్డో పంపిన దూత ఫెలిపే అగోన్సిల్యోను గదిలోకే రానివ్వలేదు. తమ దేశం బేరం తాము లేకుండానే తెగిపోయింది! 1899 ఫిబ్రవరిలో తుపాకులు పేలాయి. రెండేళ్లకు అగినాల్డో పట్టుబడ్డాడు. ఇక యుద్ధం అయిపోయినట్టే అనుకుంది అమెరికా.

గంట మోగింది...

1901 ఆగస్టులో తొమ్మిదో పదాతిదళానికి చెందిన 74 మంది బలాంగిగాలో దిగారు. గెరిల్లాలకు సరుకులు అందకుండా రేవును మూసేయడం వాళ్ల పని. మొదట్లో ఊరివాళ్లతో బాగానే ఉన్నారు. తర్వాత మగవాళ్లను పట్టుకొచ్చి వెట్టిచాకిరీ చేయించారు. రాత్రిళ్లు గుడారాల్లో కుక్కారు. ఇళ్లలో దాచుకున్న తిండిగింజలు లాక్కున్నారు.

సెప్టెంబరు 28, శనివారం. సైనికులు పొద్దున్నే ఫలహారం దగ్గర కూర్చున్నారు. తుపాకులు దూరంగా ఉన్నాయి. ఊరి పోలీసు అధిపతి వలేరియానో అబనడోర్ కాపలా సైనికుడి దగ్గరికొచ్చి, ఒక్కసారిగా తుపాకీ లాక్కుని అతణ్ని పడగొట్టాడు. చర్చి గంటలు మోగాయి. పొడవాటి కత్తులతో జనం మీదపడ్డారు. ఆడవాళ్ల దుస్తుల్లో కొందరు ముందురోజు రాత్రే చర్చిలోకి చేరారని, శవపేటికల్లో కత్తులు తెచ్చారని ఇప్పటికీ చెప్పుకొంటారు. 48 మంది అమెరికన్లు చనిపోయారు. మిగిలినవాళ్లు పడవల్లో పారిపోయారు.

పదేళ్లు దాటితే...

పగ తీర్చుకోవడానికి జనరల్ జాకబ్ స్మిత్ వచ్చాడు. చంపండి, తగలబెట్టండి, సమార్‌ను మనిషి అలికిడి లేని అడవిగా మార్చండి అన్నది ఆయన ఆజ్ఞ సారాంశం. వయసు పరిమితి ఏమిటని మేజర్ లిటిల్టన్ వాలర్ అడిగితే... పదేళ్లు అన్నాడు. మరుసటి ఏడాది సైనిక న్యాయస్థానంలో ఈ సంగతి బయటపడి అమెరికా పత్రికలే దుమ్మెత్తిపోశాయి. స్మిత్‌కు పడిన శిక్ష? ఒక మందలింపు. ఆపైన అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఆయన్ను పదవీ విరమణ చేయించాడు. అంతే! మొత్తం యుద్ధంలో హింస, కరవు, రోగాలతో చనిపోయిన సామాన్య జనం రెండు లక్షల దాకా ఉంటారని అమెరికా విదేశాంగ శాఖ చరిత్ర విభాగమే రాసింది.

తగలబడిన ఊరి నుంచి సైనికులు గంటల్ని పట్టుకెళ్లారు. రెండు వ్యోమింగ్ రాష్ట్రంలోని షయాన్ సైనిక స్థావరానికి చేరాయి. మూడోది తొమ్మిదో దళం వెంట తిరిగి తిరిగి చివరకు దక్షిణ కొరియాలో తేలింది.

అక్కడే చిక్కొచ్చిపడింది. షయాన్‌వాళ్లకు ఆ గంటలు చనిపోయిన తమ కుర్రాళ్ల గుర్తు. బలాంగిగావాళ్లకు అవి గుడిగంటలు. తాతల తిరుగుబాటుకు, ఆ తర్వాత కాలిపోయిన ఊళ్లకు ఆనవాళ్లు. చనిపోయినవాళ్లను తలచుకునే హక్కు ఇద్దరికీ ఉంది. కాకపోతే గంటలున్నది ఒక్కరి దగ్గరే!

1946లో స్వాతంత్య్రం వచ్చింది. గంటలు రాలేదు. 1990ల్లో అధ్యక్షుడు ఫిడెల్ రామోస్ మధ్యేమార్గం చెప్పాడు. షయాన్‌లోని రెంటిలో చెరొకటి ఉంచుకుని, రెండోదానికి నకలు చేయించుకుందామన్నాడు. అదీ కుదరలేదు. 2017లో రోడ్రిగో డుటెర్టే పార్లమెంటులో నేరుగా అడిగేశాడు. చివరకు 2018 నవంబరులో అమెరికా రక్షణమంత్రి జిమ్ మాటిస్ షయాన్ వెళ్లి, ఫిలిప్పీన్స్ రాయబారి సమక్షంలో గంటలకు వీడ్కోలు పలికాడు.

డిసెంబరు 11న మూడూ విమానంలో మనీలాలో దిగాయి. 15న బలాంగిగా చేరాయి. 117 ఏళ్ల తర్వాత! వాటిని ఆ ఊళ్లో విన్నవాళ్లెవరూ అప్పటికి బతికిలేరు. మర్నాడే 'సింబాంగ్ గాబీ' మొదలు. క్రిస్మస్ ముందు తొమ్మిది రోజులూ తెల్లవారకముందే అందరూ చర్చికెళ్లే సంప్రదాయమది.