కారు అద్దానికి కొత్త స్విచ్చు

పాత కార్ల తలుపుకు లోపలి వైపు ఒక పిడి ఉండేది. దాన్ని గిరగిరా తిప్పితే అద్దం దిగేది. ఇటు తిప్పితే ఎక్కేది. ఇప్పుడు చాలా కార్లలో ఆ పిడి లేదు. దాని చోట చిన్న మీట వచ్చింది. అందరూ దాన్ని స్విచ్చు అంటున్నారు. వేలితో నొక్కితే అద్దం దిగుతుంది. పైకి లాగితే ఎక్కుతుంది.

మన ఊళ్ళల్లో అప్పు చేసి సొంత టాక్సీ కొనుక్కున్నవాళ్ళు ఉన్నారు. జీతానికి బండి నడిపేవాళ్ళూ ఉన్నారు. వానాకాలంలో స్విచ్చు చెడిందంటే వాళ్ళ తిప్పలు చెప్పనలవి కాదు. అద్దం ఎక్కదు. సీటు తడుస్తుంది. బండిని బయట వదిలి పోలేరు. ఆ తొందరలో మెకానిక్ ఏది చెబితే అది ఒప్పుకుంటారు. కాని ఈ పని పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు. సంగతి తెలిస్తే డబ్బు మిగులుతుంది. డబ్బు కన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. అది పిల్లల ప్రాణం.

తలుపు లోపల ఏముంది?

బావి గిలకను గుర్తు చేసుకోండి. చేద తాడును గిలక మీదుగా లాగితే బకెట్టు పైకి వస్తుంది. వదిలితే దిగుతుంది. కారు తలుపు లోపల కూడా దాదాపు అదే ఏర్పాటు. అద్దమే బకెట్టు. సన్నని ఇనుప తీగే తాడు. తాడు లాగే మనిషి చోట చిన్న మోటారు ఉంటుంది. స్విచ్చు చేసే పని కరెంటు పంపడం. కరెంటు ఒక దిక్కున పోతే మోటారు ఇటు తిరుగుతుంది. దిక్కు మారితే అటు తిరుగుతుంది.

అద్దం కదలకపోతే తప్పు స్విచ్చుదే అనుకోకూడదు. ముందు ఫ్యూజు చూడాలి. డ్రైవరు తలుపు మీద మిగతా అద్దాలను ఆపే బటన్ ఒకటి ఉంటుంది. పొరపాటున అది నొక్కి ఉందేమో చూడాలి. చాలాసార్లు కథ అక్కడే తేలిపోతుంది.

ఆ తరువాత ఇంకో పరీక్ష. వెనక అద్దం డ్రైవరు దగ్గరి స్విచ్చుతో దిగడం లేదు, కాని వెనక తలుపు స్విచ్చుతో దిగుతోంది అనుకోండి. అప్పుడు మోటారు బాగానే ఉంది. డ్రైవరు దగ్గరి స్విచ్చు మీద అనుమానపడవచ్చు. మోటారు గుర్రుమంటోంది, అద్దం మాత్రం కదలడం లేదంటే స్విచ్చు మంచిదే. లోపల తీగ తెగి ఉంటుంది. ఇంకొక చోటు కూడా ఉంది. తలుపుకూ బండికీ నడుమ నల్లటి రబ్బరు గొట్టం కనిపిస్తుంది. తీగలు దానిలోంచే పోతాయి. తలుపు తీసి వేసిన ప్రతిసారీ అవి వంగుతాయి. ఏళ్ళు గడిస్తే తెగుతాయి. ఇది చూడకుండా స్విచ్చు మారిస్తే డబ్బు దండగ.

నూనె పోయవద్దు

స్విచ్చు బిగుసుకుంటే కొందరు దానిలో నూనె చుక్కలు వేస్తారు. తుప్పు వదిలించే స్ప్రే కొడతారు. అప్పటికి బాగైనట్టే ఉంటుంది. కాని ఇది నిప్పుతో చెలగాటం.

2012 అక్టోబరులో టయోటా కంపెనీ ప్రపంచమంతటా 74 లక్షలకు పైగా కార్లను వెనక్కి పిలిచింది. డ్రైవరు తలుపు స్విచ్చులో గ్రీజు సమంగా పడలేదు. అందువల్ల అది బిగుసుకుపోతోంది. కంపెనీ తన ప్రత్యేకమైన గ్రీజు పూసి సరిచేసింది. బజారులో దొరికే నూనెలు పోస్తే స్విచ్చు కరిగి పొగ రావచ్చు, మంట లేవవచ్చు అని కూడా హెచ్చరించింది. 2015లో అదే కంపెనీ మరో 65 లక్షల కార్లను ఈ స్విచ్చు కోసమే పిలిచింది.

నీళ్ళు కూడా అంతే. 2010 జనవరిలో హోండా కంపెనీ 6,46,000 కార్లను వెనక్కి పిలిచింది. కిటికీలోంచి నీళ్ళు స్విచ్చులోకి దిగితే అది వేడెక్కి మండే ప్రమాదం ఉందని తేలింది. అంతకుముందు 2009లో దక్షిణాఫ్రికాలో ఆ రకం కారు ఒకటి తగలబడి చిన్న పాప చనిపోయింది. కాబట్టి వానలో అద్దం తెరిచి పెట్టి, తరువాత స్విచ్చు వేడిగా తగిలినా, కాలిన వాసన వచ్చినా, ఇక దాన్ని వాడకూడదు. మార్చాల్సిందే.

మార్చేటప్పుడు

ముందు బండి ఆపాలి. తాళంచెవి తీయాలి. స్క్రూడ్రైవరు మొనకు గుడ్డ చుట్టి, స్విచ్చు పలకను ఒక అంచు నుంచి మెల్లగా లేపాలి. కొన్ని బండ్లలో స్క్రూలు మూత కింద దాగి ఉంటాయి. లేవడం లేదని బలవంతం చేస్తే పలక పగులుతుంది. కింద తీగల గుత్తి ఒక ప్లగ్గులో ఉంటుంది. ప్లగ్గు కొక్కెం నొక్కి ఊడదీయాలి. తీగలు పట్టుకొని లాగకూడదు.

కొత్త స్విచ్చు కొనేటప్పుడు పాతది చేతిలో పట్టుకొని పోవాలి. దాని వెనక అంకెలు ఉంటాయి. కొత్తదాని మీద కూడా అవే అంకెలు ఉన్నాయా అని ఒక్కొక్కటీ చదివి చూడాలి. ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు, అంకెలు చదవడం వస్తే చాలు. చూడ్డానికి రెండు స్విచ్చులూ కవల పిల్లల్లా ఉంటాయి. లోపలి పని వేరుగా ఉంటుంది.

చౌకగా వస్తుందని వేరే రకం స్విచ్చు పెట్టించుకోవద్దు. ముఖ్యంగా అటూ ఇటూ ఊగే మీట వద్దు. పిల్లవాడు కిటికీలోంచి తల బయట పెట్టి మోకాలు దాని మీద ఆనించాడంటే అద్దం పైకి లేస్తుంది. మెడ ఇరుక్కుంటుంది. అలా పిల్లలు చచ్చిపోయారు. అందుకే అమెరికాలో 2010 అక్టోబరు నుంచి తయారయ్యే కార్లకు నియమం పెట్టారు. మీటను వేలితో లాగితేనే అద్దం లేవాలి, నొక్కితే లేవకూడదు.

లెక్క మళ్ళీ నేర్పాలి

స్విచ్చు బిగించాక డ్రైవరుకూ మెకానిక్కుకూ మధ్య సాధారణంగా ఈ మాటలు నడుస్తాయి.

"ఏందన్నా, ఇదివరకు ఒక్కసారి లాగితే అద్దం మొత్తం ఎక్కేది. ఇప్పుడు ఎక్కుతలేదు?"

"కొత్త స్విచ్చు గదన్నా. రెండు రోజులైతే అదే సర్దుకుంటది."

సర్దుకోదు. మనం నేర్పితేనే నేర్చుకుంటుంది. ఎందుకో చూద్దాం.

ఒక్కసారి లాగితే తనంతట తాను ఎక్కే అద్దాలకు కాపలా ఏర్పాటు ఉంటుంది. మధ్యలో చెయ్యి అడ్డం వస్తే అద్దం ఆగి కిందికి దిగుతుంది. మరి అద్దానికి కళ్ళు లేవు. ఎలా తెలుస్తుంది? చాలా బండ్లలో మోటారు ఇరుసుకు చిన్న అయస్కాంతం ఉంటుంది. అది తిరిగిన చుట్లను ఒక పరికరం లెక్కపెడుతుంది. చీకట్లో అడుగులు లెక్కపెట్టుకుంటూ బావి దాకా నడిచే మనిషిలాగా అన్నమాట. ఇన్ని చుట్లకు పై అంచు వస్తుందని దానికి తెలుసు. అంతకు ముందే వేగం తగ్గితే ఏదో అడ్డం పడిందని గ్రహిస్తుంది. యూరప్ నిబంధన ప్రకారం అలాంటి అద్దం సుమారు పది కిలోల బరువుకు మించిన ఒత్తిడి పెట్టకముందే వెనక్కి తగ్గాలి.

బ్యాటరీ తీగ ఊడదీసినప్పుడు చాలా బండ్లలో ఈ లెక్క పోతుంది. స్విచ్చు మార్చినప్పుడు కూడా కొన్నింటిలో పోతుంది. లెక్క పోయిన అద్దానికి కాపలా ఉండకపోవచ్చు.

చాలా కార్లలో నేర్పే పద్ధతి ఇది. తలుపులు వేసి ఇంజను స్టార్టు చేయాలి. అద్దం పూర్తిగా దించాలి. తరువాత స్విచ్చును పైకి లాగి వదలకుండా పట్టుకోవాలి. అద్దం పై అంచుకు తగిలాక కూడా కొన్ని సెకండ్లు అలాగే పట్టుకోవాలి. కొన్ని బండ్లలో కిందికి దించి మళ్ళీ అలాగే నొక్కి పట్టాలి. ఎన్ని సెకండ్లు అన్నది బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. బ్యాటరీ తీగ తీసి ఉంటే, అలా తనంతట ఎక్కే ప్రతి అద్దానికీ ఇది చేయాలి. ఈ పని జరిగేటప్పుడు కాపలా పనిచేయకపోవచ్చు. పిల్లల్ని బండి దగ్గరికి రానివ్వకూడదు.

నేర్చుకుందో లేదో చూడాలంటే చెయ్యి పెట్టకూడదు. కొందరు ధైర్యం చూపించడానికి వేలు పెడతారు. అది ధైర్యం కాదు, తెలివితక్కువతనం. పాత పేపరును లావుగా చుట్టి అద్దానికి అడ్డం పెట్టాలి. స్విచ్చు ఒకసారి లాగి వదలాలి. అద్దం పేపరుకు తగిలి వెనక్కి దిగితే పని అయినట్టే. పేపరును నలిపేస్తూ పైకే పోతే మళ్ళీ మొదటి నుంచి చేయాలి. అప్పటికీ కుదరకపోతే కంపెనీ షెడ్డుకు పోవాలి.

ఒక్కోసారి అడ్డం ఏమీ లేకున్నా అద్దం సగం ఎక్కి దిగిపోతుంది. అద్దం జారే రబ్బరు గాడిలో దుమ్ము నిండితే ఇలా అవుతుంది. ఆ దుమ్మునే అద్దం చెయ్యి అనుకుంటోంది. తడిగుడ్డతో గాడి తుడవాలి. ఆరాక మళ్ళీ లెక్క నేర్పాలి.

అన్ని బండ్లకూ ఈ కాపలా ఉండదు. తక్కువ ధర బండ్లలో చాలావాటికి దించేటప్పుడు మాత్రమే ఒక్క నొక్కు చాలు. ఎక్కించేటప్పుడు మీట పట్టుకునే ఉండాలి. వాటిలో అద్దం ఎవరి చెయ్యినీ గుర్తుపట్టదు. ఎక్కించే ముందు డ్రైవరే వెనక్కి తిరిగి చూడాలి. వెనక పిల్లలు కూర్చుంటే, అద్దాలను ఆపే బటన్ నొక్కి ఉంచాలి. బండి దిగేటప్పుడు తాళంచెవి వెంట తీసుకుపోవాలి.