పుంగనూరు ఆవును పచ్చికపై పెంచుట

మదనపల్లె నుండి పుంగనూరు, పలమనేరుల మీదుగా కుప్పమునకు పోవు త్రోవ పొడవునను నేల మెరకయే. రాళ్లగుట్టలు, ఎఱ్ఱనేల, గుట్టల అడుగున చెఱువులు, వాటి క్రింద కొద్దిపాటి మాగాణి, తక్కినదంతయు మెట్ట. జూన్ మొదలుకొని కొంత, అక్టోబరు నవంబరులలో మరికొంత వాన కురియును. సంక్రాంతి దాటినదన్నచో గుట్టపై మిగిలినది ఎండుగడ్డియే. ఈ నేలకు తగిన పశువును ఈ నేలయే తయారు చేసుకొన్నది. అదియే పుంగనూరు ఆవు.

ఎత్తు మూపురమునొద్ద సుమారు 70 మొదలు 90 సెంటీమీటర్లు. బరువు 115 నుండి 200 కిలోలు. వెడల్పయిన నుదురు, పొట్టి కొమ్ములు, ఇంచుమించు నేలను తాకు తోక దీని గుర్తులు. తెలుపు, బూడిద, గోధుమ, ఎఱుపు వన్నెలలో పుట్టును. మూపురము గల పశుజాతులలో లోకమునందే మిక్కిలి చిన్నవాటిలో ఇది ఒకటి. పుంగనూరు జమీందారులు దీనిని ఆదరించి పెంచిరని ఆ ప్రాంతమున చెప్పుకొందురు.

చిన్న పశువు కనుక మేత కలిసివచ్చునని అందరును అనుకొందురు. ఈ మాటలో సగమే నిజము. ఏ పశువైనను దినమునకు తన బరువులో నూటికి రెండున్నర పాళ్ల వరకు ఎండు పదార్థము తినును. అనగా 150 కిలోల ఆవునకు నాలుగు కిలోలకు కొంచెము తక్కువ; 400 కిలోల సంకరజాతి ఆవునకు పది కిలోలు. అయితే బరువుతో లెక్కించి చూచినచో, ప్రతి కిలో శరీరమును నిలుపుకొనుటకు చిన్న పశువే కొంచెము ఎక్కువ మేత కోరును. ఇది శరీరధర్మము, దీనిని దాచి చెప్పుట తగదు. మరి లాభమెక్కడ? ఏప్రిల్ నెలలో ఇంటనున్న రాగిగడ్డి వామి సగమునకు దిగినపుడు ఆ లాభము కనబడును. పది కిలోలు కోరు ఆవు అయిదు కిలోలతో ఎండిపోవును, పాలు మానును, ఎదకు రాదు. నాలుగు కిలోలు కోరు ఆవు ఆ అయిదింటితోనే కడుపు నింపుకొని, పాలుకూడ ఇచ్చును. బీద యింట కఱవునాడు చూడవలసినది మొత్తము అవసరమును గాని కిలో లెక్కను కాదు.

పాలు పూటకు లీటరు, లీటరున్నర చొప్పున ఇచ్చు ఆవులే ఎక్కువ. వెన్న నూటికి ఎనిమిది పాళ్లని విస్తారముగా ప్రచారమున్నది. ఈనిక ముగియవచ్చి పాలు తగ్గిన కొలదియు వెన్న పాలు పెరుగుట ఏ ఆవునకైనను సహజము. కావున కొనువారు ఆ మాటను నమ్మి ధర కట్టక, పాలకేంద్రమున ఒకటికి నాలుగు మారులు పరీక్ష చేయించుట మేలు.

ఇంత అనువైన జాతి ఎట్లు క్షీణించెను? ఎవరును దీనిని పనిగట్టుకొని పాడుచేయలేదు. పాల వ్యాపారము పెరిగినది. ఎక్కువ పాలిచ్చు పశువు కావలసివచ్చినది. గర్భధారణ కేంద్రములలో జెర్సీ, హోల్‌స్టీన్ వీర్యము సులభముగా దొరకెను, పుంగనూరుది దొరకలేదు. ఊరి ఆబోతు పోయెను. కపిల తోలిన చోట మోటారును, తేలిక మడక దున్నిన చోట ట్రాక్టరును వచ్చినవి. సంకరజాతి ఆవుల వలన ఈ జిల్లాలో వేలాది కుటుంబములు బ్రతికినవి. దానిని మేము నిందింపము. కాని ఒక తరమునకు సగము, రెండవ తరమునకు పావు, మూడవ తరమునకు వీసము రెండింతలు మాత్రమే పాతరక్తము మిగులును. పలమనేరులోని పశుపరిశోధనా స్థానము ఈ జాతి మందను కాపాడుచు రాకున్నచో, నేడు మాటలాడుకొనుటకు ఏమియు ఉండెడిది కాదు.

పోయిన దానిని మరల తెచ్చుటకును అదే లెక్క. సంకరజాతి ఆవునకు వరుసగా పుంగనూరు ఆబోతునే కట్టించుచు పోయినచో తరతరమునకు పరాయిపాలు సగమగుచుండును. పెయ్య తొలిచూలు ఈనుటకు మూడున్నర, నాలుగు ఏండ్లు పట్టును గనుక, అయిదు తరములన్నచో మనిషి పనిచేయు వయసులో ఇంచుమించు సగము గడచిపోవును. తండ్రి మొదలుపెట్టినది కొడుకు పూర్తి చేయవలెను.

ఇచ్చట ఒక ప్రమాదము కలదు. మంద చిన్నది, ఆబోతులు కొద్ది. ఒకే ఆబోతుతో మందనంతను నడిపినచో ఒక్క తరములోనే రక్తసంబంధము నూటికి పండ్రెండున్నర పాళ్లు పెరుగును. తండ్రిని కూతురితో కట్టినచో పుట్టిన దూడలో అది ఇరువదియైదు. దాని ఫలము మెల్లగా తెలియును: చూలు నిలువదు, దూడలు బలహీనముగా పుట్టును. కావున రెండు మూడేండ్లకొకమారు ఇరుగుపొరుగు గ్రామములవారు ఆబోతులను మార్చుకొనవలెను. ప్రతి దూడకును తల్లి ఏది, తండ్రి ఏది, ఏ తేదీన పుట్టినది అని ఒక పుస్తకమున వ్రాయవలెను. మన ఒంగోలు పశువు బ్రెజిల్ దేశమునకు పోయి, నెల్లూరు పేరుతోనే నెలోర్ అనిపించుకొని, అచ్చటి పచ్చికబయళ్లలో మాంసపు పశువుగా కోట్లసంఖ్యకు పెరిగినది. పచ్చికయొకటే దీనికి కారణము కాదు. అచ్చటివారు వంశావళిని వదలక వ్రాసిరి.

2024 జనవరిలో ప్రధానమంత్రి తన నివాసమున ఈ ఆవులకు మేత పెట్టుచున్న చిత్రములు వెలువడిన పిమ్మట గిరాకి మిక్కిలి పెరిగినది. నగరములవారు ముద్దుకొఱకు కొనుచున్నారు. ఎంత పొట్టిదైన అంత ధర. ఇది జాతికి మేలని మేము తలంపము. పొట్టితనమొక్కటే చూచి ఆబోతును ఎన్నుకొనువాడు, ఏటేట ఈనని తల్లి కొడుకునైనను ఎన్నుకొనును. మేము అడుగదగిన ప్రశ్నలు వేఱు: దీని తల్లి బీటిపై మేసి ఎన్ని ఈతలు ఈనినది? వేసవిలో నిలిచినదా? దూడకు విడిచిన పిదప ఇంటికి పాలు మిగిలినవా? అటులనే పొట్టి ఆవునకు పెద్దజాతి వీర్యము వేయించి ఈత కష్టమును కొనితెచ్చుకొనరాదు.

పచ్చికను గూర్చి రెండు మాటలు. తొలకరి పడినది కదాయని మరునాడే పశువులను తోలరాదు; లేత మొలకను కొఱికినచో వేరు చచ్చును. గడ్డి జానెడు ఎదుగనిచ్చి తోలి, నాలుగు వ్రేళ్ల ఎత్తు ఉండగనే మరలింపవలెను. బీటిని నాలుగు కంచెలుగా చేసి ఒక్కొక్కదానిని మార్చి మార్చి మేపినచో తక్కినవి కోలుకొనును. సెప్టెంబరు చివర, మేత నిండుగా తిని పుష్టిగా నున్నపుడు కట్టించిన ఆవు సుమారు 280 దినములకు, అనగా జూలై మొదట, క్రొత్త పచ్చిక నాటికి ఈనును. ఎండకాలమునకు రాగిగడ్డి, వేరుశనగ కట్టె, ఉలవపొట్టు ముందే చూచుకొనవలెను.

కోడెదూడల సంగతి మిగిలినది. బ్రెజిల్ రైతునకు కోడెదూడయే రాబడి. మనకు అట్లు కాదు; ఆవులను, దూడలను వధించుటను 1977 నాటి చట్టము నిషేధించినది, గృహస్థులును దానిని కోరరు. పూర్వము కపిలయు మడకయు వాటిని పోషించినవి. నేడు ఆ పని లేదు, మేత మాత్రము కావలెను. పెయ్యలే ఎక్కువగా పుట్టునట్లు వేరుచేసిన వీర్యము ఇప్పుడు దొరకుచున్నది గాని, మందలో ఆబోతు కొఱత ఉన్న ఈ జాతికి దానిని విచ్చలవిడిగా వాడుట తగదు. మంచి తల్లులకు పుట్టిన కోడెలను ఊరంతయు కలసి మేపుకొని ఆబోతులుగా నిలుపుకొనుట, తక్కినవాటిని ఎరువునకును తేలిక బండికిని వాడుకొనుట, ప్రస్తుతమునకు మాకు తోచిన మార్గము ఇదియే.