పొద్దు ఎప్పుడు తొందరపడుతుంది?

నల్లగొండ జిల్లా మర్రిగూడ దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. అక్కడ జూన్ 21న పగలు సుమారు 13 గంటల 8 నిమిషాలు, డిసెంబరు 22న 11 గంటల 7 నిమిషాలు. తేడా రెండు గంటలు. ఆరు నెలలకు సమంగా పంచితే రోజుకు 40 సెకన్లు రావాలి. కానీ పొద్దు అలా పెరగదు. జూన్ 11 నుంచి 21 దాకా పది రోజులూ కలిపి ఒక్క నిమిషమే పెరుగుతుంది. ఫిబ్రవరి 20 నుంచి మార్చి 21 లోపు మాత్రం 27 నిమిషాలు పెరుగుతుంది.

పగటి నిడివిని గ్రాఫు గీస్తే ఇంచుమించు సైన్ తరంగం వస్తుంది. మార్చి 21ని సున్నా రోజుగా తీసుకుని, అక్కణ్నుంచి గడిచిన రోజులను t అనుకుంటే, సగటు 12 గంటల 8 నిమిషాలకు 61 సైన్(2πt/365) నిమిషాలు కలిపితే చాలు. (సగటు సరిగ్గా 12 గంటలు ఎందుకు కాదంటే, ముఖ్యంగా గాలి పొరలు కాంతిని వంచడం వల్ల సూర్యుడు కాస్త ముందే కనబడి, కాస్త ఆలస్యంగా మరుగవుతాడు.) ఏ రోజు ఎంత వేగంగా పెరుగుతుందో ఆ గ్రాఫు వాలే చెబుతుంది. వాలు కావాలంటే అవకలనం చేయాలి. సైన్ అవకలజం కొసైన్ కాబట్టి వాలు 61 × (2π/365) × కొసైన్(2πt/365). వాలు ఎక్కడ అత్యధికమో తెలియాలంటే దీన్ని మరోసారి అవకలనం చేసి సున్నాకు సమానం చేయాలి. అప్పుడు మళ్లీ సైన్ వస్తుంది. అది సున్నా అయ్యేది మార్చి 21న, సెప్టెంబరు 23 ప్రాంతంలో. మార్చిలో పెరుగుదల, సెప్టెంబరులో తరుగుదల గరిష్ఠం. అంటే పగలు సగటును దాటే రోజునే మార్పు అత్యంత వేగం; పగలు అన్నిటికన్నా పొడవైన రోజున మార్పే ఉండదు.

ఈ లెక్కలో మార్చి వాలు రోజుకు 63 సెకన్లు. అక్షాంశపు టాన్‌ను, సూర్యుడి క్రాంతి (ఖగోళ మధ్యరేఖ నుంచి సూర్యుడు ఉత్తరానికో దక్షిణానికో జరిగిన కోణం) టాన్‌ను గుణించే అసలు సూత్రంతో చూస్తే 58 సెకన్లే. క్రాంతి పెరిగేకొద్దీ టాన్ ఇంకా ఎక్కువగా పెరుగుతుంది కనుక అసలు తరంగం కొసల్లో కొంచెం మొనదేలి, నడుమ ఆ మేరకు మెత్తబడుతుంది.

ఏ క్షణానికి ఆ క్షణపు మార్పు వేగాన్ని లెక్కగట్టే ఆలోచన న్యూటన్‌తో మొదలైందనుకోనక్కర్లేదు. 1150లో సిద్ధాంత శిరోమణి రాసిన రెండో భాస్కరుడు గ్రహాలకు ఆ క్షణపు వేగాన్ని, తాత్కాలిక గతిని లెక్కగట్టాడు. కోణం రవ్వంత పెరిగితే జ్య పెరిగేది కోటిజ్యకు అనుపాతంలోనని ఆయనకు తెలుసు. జ్య అంటే మన సైన్, కోటిజ్య కొసైన్. కాకపోతే ఆయనకు కావలసింది పంచాంగం, కలనగణితం కాదు.

సంక్రాంతికే పొద్దు పెరిగిందని మన ఊళ్లలో అంటారు. పెరిగింది నిజమే కానీ ఆరేడు నిమిషాలే. అదీ సాయంత్రం వైపే. డిసెంబరు 22తో పోలిస్తే జనవరి 15న పొద్దు గూకడం పద్నాలుగు నిమిషాలు ఆలస్యమైతే, పొద్దు పొడవడం కూడా ఏడెనిమిది నిమిషాలు ఆలస్యమవుతుంది. భూకక్ష్య దీర్ఘవృత్తం కావడం, అక్షం వంగి ఉండటం కలిసి ఈ రోజుల్లో సూర్యుడి మిట్టమధ్యాహ్నాన్ని గడియారం మీద ఆలస్యం వైపు జరపడమే దీనికి కారణం.

వాలు అక్షాంశాన్ని బట్టి మారుతుంది. 51 డిగ్రీలు దాటిన లండన్‌లో మార్చి వాలు రోజుకు దాదాపు నాలుగు నిమిషాలు. మర్రిగూడలో నెలంతా పెరిగే పొద్దు అక్కడి తెలుగువాళ్లకు వారంలో పెరుగుతుంది.