జంక్షన్‌ కాని జంక్షన్‌!

'ఎక్కడికండీ?' అని కండక్టర్‌ అడిగితే 'జంక్షన్‌' అంటే చాలు. విజయవాడ-ఏలూరు దారిలో ఆ మాటకు అర్థం ఒక్కటే... హనుమాన్‌ జంక్షన్‌. జాతీయ రహదారిని నూజివీడు, గుడివాడ రోడ్లు కలిసేచోట ఆంజనేయస్వామి గుడి ఉంది. ఊరి పేరు అలా వచ్చిందే. 2001లో అదే పేరుతో సినిమా కూడా వచ్చింది.

రైల్వే వాళ్ల లెక్క మాత్రం వేరు. కనీసం మూడు వైపుల నుంచి పట్టాలొచ్చి కలిస్తేనే స్టేషన్‌ పేరు చివర 'జంక్షన్‌' అని రాస్తారు. గుడివాడకు ఆ హోదా ఉంది, హనుమాన్‌ జంక్షన్‌కు లేదు. పైగా ఇక్కడి స్టేషన్‌ పేరు నూజివీడు! ఆ బోర్డు చూసి దిగేసిన కొత్తవాళ్లు అసలు నూజివీడు చేరాలంటే మళ్లీ బస్సెక్కాల్సిందే.

కరెంటు పనివారికి తీగలన్నీ కలిసే పెట్టె 'జంక్షన్‌ బాక్సు'. ఫిజిక్స్‌ మేష్టారికి 'పీ-ఎన్‌ జంక్షన్‌'. ఎల్‌ఈడీ బల్బు వెలగాలన్నా, సోలార్‌ పలక కరెంటివ్వాలన్నా అదే ఆధారం.

ఇన్ని అర్థాలకూ మూలం ఒకటే... కలపడం. లాటిన్‌లోని ఆ ధాతువు, మన 'యోగం'లోని 'యుజ్‌' దాయాదులే. తెలుగులో 'కూడలి' పుట్టిందీ 'కూడు' అనే క్రియ నుంచే.

అన్నట్టు, నూజివీడు రైతులకు ఈ సంగతి కొత్తేం కాదు. టెంక నుంచి మొలిచిన మొక్కకు చిన్నరసం కొమ్మను అంటుకడితే, రెండూ అతుక్కున్నచోటు నుంచే తియ్యటి చెట్టు మొదలవుతుంది. అదీ ఓ జంక్షనే కదూ!